ఒక ఇడ్లీ ఎండ

రాళ్ళమడుగు బడిలో ప్రయోగశాల ఉన్నది ఒక్క గదే. దాన్ని రెండు ముక్కలు చేసిన ఇనప బీరువాను జీవశాస్త్రం మేడమ్ పంకజాక్షి పట్టుబట్టి పెట్టించింది. బీరువాకు ఇవతల సీసాల్లో కప్పలు, మొక్కల తొట్లు, సూక్ష్మదర్శిని. అవతల పట్టకాలు, అయస్కాంతాలు, బరువులు తూచే యంత్రం. ఇవతలిది జీవశాస్త్రం, పిల్లల మాటల్లో ఎన్.ఎస్. మేడమ్ రాజ్యం. అవతలిది భౌతికశాస్త్రం, పి.ఎస్. సార్ రాజ్యం. ఆ సార్ పేరు ఓబులేసు. ఆయన పంకజాక్షికి తాళి కట్టిన మొగుడు.

వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని బడంతా చెప్పుకునేది. అందులో అబద్ధం లేదు. నిజంగానే వాళ్ళ మధ్య నిప్పు పెట్టింది పచ్చటి వస్తువే.

దాని పేరు ఆకుపొర. మంచిగా ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసే చేశారు. ఆకులోని కణాలను మనిషి చర్మం మీద బతికేలా మచ్చిక చేసింది పంకజాక్షి. అవి ఎండకు మాడిపోకుండా, తడి ఆరిపోకుండా, వెలుగును లోపలికి పంపే పల్చటి పొర చేసింది ఓబులేసు. వీపుకు అంటిస్తే అది కొద్దిరోజుల్లో చర్మంలోకి వేళ్ళు దింపుకుంటుంది. ఎండలో కూర్చుంటే చాలు, వేపాకు చేసే పనే చేస్తుంది. గాలీ నీరూ వెలుగూ కలిపి చక్కెర తయారుచేసి, చుక్క చుక్కగా నెత్తుట్లోకి వదులుతుంది. హైస్కూలు పుస్తకంలోని కిరణజన్య సంయోగక్రియ పాఠం లేచి వచ్చి మనిషి వీపెక్కింది, అంతే.

జిల్లా ప్రదర్శనకు పంపేటప్పుడు ఓబులేసు తన పేరు ముందు రాసుకున్నాడు. అక్కడ మొదలైంది. నా ఆకు లేకుంటే నీ పొర ప్లాస్టిక్ కవరు అని ఆమె అంది. నా పొర లేకుంటే నీ ఆకు గోంగూర, పప్పులోకి తప్ప దేనికీ పనికిరాదని ఆయన అన్నాడు. మర్నాడే బీరువా వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడింది లేదు. చెప్పాల్సిన మాటలన్నీ కూతురి మీదుగానే. మీ నాన్నకు చెప్పు గ్యాసైపోయిందని. మీ అమ్మకు చెప్పు నాకు వినబడిందని.

ఆ కూతురు చిత్రావతి. ఊరి పక్కన పారే ఏటి పేరు పెట్టుకున్నారు. ఏట్లో నీళ్ళు లేవు గానీ పిల్ల మాత్రం తెలివికి లోటు లేకుండా పెరిగింది. అదే బడిలో పదో తరగతి. బళ్ళో అడుగుపెడితే తల్లిని మేడమ్ అనాలి, తండ్రిని సార్ అనాలి. సొంత బిడ్డకు మార్కులు దోచిపెడుతున్నారని ఎవరూ అనకూడదని వాళ్ళే పెట్టిన రూలు. పాపం, ఆ పిల్ల రూలును వాళ్ళకంటే బాగా పాటించింది.

బడికి కరస్పాండెంటు లింగప్ప. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం. బడిలో హాస్టలుంది, హాస్టల్లో వంటశాల ఉంది, వంటశాల ఖర్చు అతని కంట్లో నలుసు. ఆకుపొర సంగతి విన్నప్పటి నుంచి అతనికి నిద్ర పట్టలేదు. ఒకరోజు బీరువాకు ఇవతలికి వచ్చి పంకజాక్షిని అడిగాడు, పిల్లల ఆకలి తీరుతుందా అని. ఆమె అప్పటికే పరీక్షించి చూసింది. పొర వేసుకున్న కూతురి నెత్తుట్లో చక్కెర తగ్గిపోవడం లేదు, కడుపులో కరకర లేదు, తిండి మీద ధ్యాసే లేదు. తీరుతుందని చెప్పింది. లింగప్ప బీరువా చుట్టి అవతలికి వెళ్ళి ఓబులేసును అడిగాడు, ఒంటికి చాలినంత శక్తి ఉందా అని. మనిషి ఒళ్ళు నూరు వాట్ల బల్బు లాంటిది, పిల్లవాడి వీపు మీద పడే ఎండ మూడు వందల వాట్లు, మూడింతలుందని ఆయన చెప్పాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఎవరి పుస్తకంలో ఉన్నది వాళ్ళు చెప్పారు. అయితే పడిన ఎండలో ఆకు నిజంగా ఎంత దాచుకుంటుందన్న ప్రశ్న ఒకటి ఉంది. అది ఇవతలి పుస్తకంలో సగం, అవతలి పుస్తకంలో సగం. ఆ ప్రశ్న బీరువా వెనకాల, బూజులో ఉండిపోయింది.

లింగప్ప వంటశాలకు తాళం వేశాడు. పొద్దున గ్లాసెడు రాగిజావకు, రాత్రి అడిగినవాళ్ళకు అన్నానికి తప్ప దాన్ని తెరిచేవాడు కాదు. మధ్యలో సూర్యభోజనం. ఆ పేరు కూడా అతనే పెట్టాడు. ప్రార్థన వేళ, భోజనం వేళ, ఆటల వేళ పిల్లలంతా వీపుకు కిటికీ కత్తిరించిన చొక్కాలతో మైదానంలో బారులు తీరి, సూర్యుడికి వీపు చూపిస్తూ కూర్చునేవాళ్ళు. డాబా మీద వడియాలు ఆరబెట్టినట్టుండేది. మొదట్లో ఊరివాళ్ళు గోడ మీంచి తొంగి చూసి నవ్వారు. తర్వాత తర్వాత మా బిడ్డకూ అంటించండని బతిమాలుకున్నారు. అక్కడి ఎండ ఎన్నడూ ఎవరికీ అన్నం పెట్టలేదు మరి, పెడతానంటే ఎవరు కాదంటారు.

అందరికంటే ముందు పొర వేసుకున్నది చిత్రావతి. మాస్టార్ల బిడ్డే వేసుకోకుంటే ఎవరు వేసుకుంటారు?

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున కూతురికి పావడా బొందు కడుతూ పంకజాక్షి ముడి లోపలికి జరిగిందని గమనించింది. పోయిన వారం కంటే ఇంకా లోపలికి. జడ కూడా చేతిలోకి సన్నగా వచ్చింది. పరీక్షల దిగులు, ఎదిగే వయసు అనుకుంది. ఒకసారి తూచి చూడాలని కూడా అనుకుంది. కానీ తూకం యంత్రం బీరువాకు అవతల ఉంది. దాన్నడగాలంటే ఆయన్నడగాలి. అడిగితే, నీ ఆకు మీద నీకే అనుమానమా అంటాడు. ఆ మాట ఊహించుకుంటేనే ఆమె ఒళ్ళు మండింది. తూకం మానేసి బొందు ఇంకొంచెం బిగించి కట్టింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చిత్రావతి ఆకలి లేదంది. పంకజాక్షికి నిజంగా గర్వమేసింది. చూశారా నా ఆకు, అన్నట్టు గోడవైపు తిరిగి నవ్వుకుంది. గోడకు ఆనుకుని కూర్చుని ఓబులేసు పచ్చిమిరపకాయ కొరుకుతున్నాడు.

తర్వాతి వారం తరగతిలో ఆమె పత్రహరితం బొమ్మ గీస్తుంటే చిత్రావతి లేచి నిలబడింది. బల్ల పట్టుకుని నిలబడింది.

"మేడమ్, మా వీపు మీది ఆకు దినానికి ఎన్ని జౌళ్ళు దాచుకుంటాది?"

పంకజాక్షి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. జౌల్ అన్నది ఆయన మాట. శక్తిని కొలిచేది ఆ పుస్తకంలోనే. ఇది పిల్లకు పుట్టిన ప్రశ్న కాదు, పంపిన ప్రశ్న అనుకుంది. నలభై మంది ముందు తనకు లెక్కలు రావని చూపించడానికి మొగుడు కూతురి నోట పెట్టి పంపాడనుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఆమెకు కొత్త కాదు.

"జౌళ్ళు నా పీరియడ్‌లోకి ఏంటికొచ్చినాయి? పోయి మీ పి.ఎస్. సార్‌నడుగు. కూర్చో."

పిల్లలు నవ్వారు. చిత్రావతి కూర్చుంది. మళ్ళీ ఆ ప్రశ్న పంకజాక్షి చెవిన పడలేదు. ఆమె సంతోషించింది.

ఇంతలో లింగప్ప పెద్ద సంబరం తలపెట్టాడు. ఆకుపొరను చుట్టుపక్కల బళ్ళన్నిటికీ ఇవ్వాలని, చూసి నిర్ణయించడానికి పట్నం నుంచి పెద్దమనుషులు వస్తున్నారని చెప్పాడు. వేదిక మీద చిత్రావతి మాట్లాడాలి. తొలి ఆకుబిడ్డ ఆమే కదా. ఏం మాట్లాడాలో సార్ సగం, మేడమ్ సగం రాసివ్వాలని తీర్పు చెప్పాడు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ధైర్యం అతనికి కూడా లేదు.

తన సగం రాసేటప్పుడు పంకజాక్షి ఒళ్ళు మరిచిపోయి రాసింది. మామూలు ఆకు తన మీద పడిన వెలుగులో నూటికి రెండు పాళ్ళు పట్టుకోవడమే గొప్ప, నా ఆకు ఐదు పాళ్ళు పట్టుకుంటుంది, లోకంలో ఇలాంటి ఆకు ఇంకోటి లేదని రాసింది. మొగుడి పొర ఊసు ఒక్కచోట కూడా ఎత్తలేదు. ఓబులేసు ఏం రాశాడో ఆమెకు తెలియదు, అడగలేదు. ఆయన కూడా ఒళ్ళు మరిచిపోయే రాశాడని తర్వాత తెలిసింది.

ఆ రోజు షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. వేదికకు ఒక చివర పంకజాక్షి, ఇంకో చివర ఓబులేసు. మధ్యలో పెద్దమనుషులు, లింగప్ప. చిత్రావతి మైకు దగ్గరికి నడిచి వస్తుంటే పట్టు పావడా కాళ్ళకు అడ్డం పడుతోంది. నడుం దగ్గర నాలుగు పిన్నీసులు పెట్టింది పంకజాక్షే.

పిల్ల ముందు తండ్రి రాసింది చెప్పింది. వీపు మీద మూడు వందల వాట్ల ఎండ పడుతుంది. దినానికి మూడు గంటలు కూర్చుంటాం. మొత్తం ముప్పై రెండు లక్షల నలభై వేల జౌళ్ళు. జనం అంత పెద్ద అంకె విని చప్పట్లు కొట్టారు. తర్వాత తల్లి రాసింది చెప్పింది. అందులో మా ఆకు నూటికి ఐదు పాళ్ళు పట్టుకుంటుంది, లోకంలో ఇలాంటి ఆకు ఇంకోటి లేదు. మళ్ళీ చప్పట్లు. అక్కడితో అయిపోవాలి. లింగప్ప లేవబోయాడు. చిత్రావతి మైకు వదల్లేదు.

"రెండూ గుణిస్తే ఒక లక్షా అరవై రెండు వేల జౌళ్ళు వస్తాయి సార్. అంటే ఒక ఇడ్లీ."

జనం గొల్లున నవ్వారు. పట్నం పెద్దమనిషి కూడా పొట్ట పట్టుకుని నవ్వి, పిల్ల బలే చమత్కారి అన్నాడు. చిత్రావతి నవ్వలేదు.

"పొద్దున తాగే జావ కలిపితే ఇంకో రెండు ఇడ్లీలు. అంతే సార్, దినానికి."

పంకజాక్షి లోపల గుణకారం జరిగిపోయింది. వద్దనుకున్నా ఆగలేదు. ఐదో తరగతి లెక్క. ఎదిగే పిల్లకు దినానికి యాభై ఇడ్లీల శక్తి కావాలని తనే తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంది. తల తిప్పి వేదిక అవతలి చివరకు చూసింది. ఓబులేసు బొటనవేలు ఇంకా వేళ్ళ కణుపుల మీద కదులుతూ ఉంది. ఆయన కూడా తలెత్తి చూశాడు. ఏడాది తర్వాత మొగుడూ పెళ్ళాల కళ్ళు కలుసుకున్నాయి. ఆ ముఖం చూశాక ఆమెకు అర్థమైంది. ఆయనకు కూడా ఇప్పుడే తెలిసిందన్నమాట. తెలిసి చేసుంటే తిట్టుకోడానికైనా ఒక మనిషి మిగిలేవాడు.

లింగప్ప మైకు లాక్కుని, బిడ్డ తమాషా చేస్తాంది అన్నాడు. పంకజాక్షి లేచి వెళ్ళి మైకు అతని చేతిలోంచి తీసుకుంది. లెక్క సరిగ్గానే ఉందని చెప్పింది. పిల్లలకు ఆకలి వేయదు, ఎందుకంటే చక్కెర చుక్క చుక్కగా నెత్తుట్లో పడుతుంటే కడుపు నిండిందని మెదడు మోసపోతుంది, పొయ్యి మీంచి పొగ వస్తే వంటయిందనుకున్నట్టు అని చెప్పింది. ఆకలి తీర్చలేదయ్యా, ఆకలిని చంపినాం అంది. ఆ తర్వాత ఏడ్చింది. వందల మంది ముందు ఏడ్చానన్న సిగ్గు కూడా ఆమెకు కలగలేదు.

పట్నం వాళ్ళు గుసగుసలాడుకుంటూ కార్లెక్కారు. లింగప్ప ముఖం నల్లబడింది.

"మీ మొగుడూ పెండ్లాల కొట్లాట నా బడి మీదికి తెస్తారా? రేప్పొద్దున్నుంచి ఇద్దరూ గేటు తొక్కొద్దండి. వంటశాల తాళం మాత్రం నా దగ్గరుంటాది."

ఓబులేసు వేదిక దిగాడు. మైదానం చివర గుండు రాయి ఒకటి ఎత్తుకుని వంటశాల వైపు నడిచాడు. తాళం రెండో దెబ్బకు ఊడింది. లింగప్ప పోలీసులనీ కేసులనీ వెనకాల అరుస్తూ వచ్చాడు. పిల్లల తల్లిదండ్రులు కొందరు అప్పటికే వాకిలికి అడ్డం నిలబడి ఉన్నారు. వాళ్ళకు జౌళ్ళ లెక్క తెలియదు. పిల్లల చొక్కా కిటికీల్లోంచి ఆకుపొర కింద ఎముకలు కనబడుతూనే ఉన్నాయి. చూస్తే తెలిసేదే. పచ్చగా ఉన్నదంతా చల్లగా ఉన్నట్టేనని ఇన్నాళ్ళూ అనుకున్నారు, అంతే. ఆ మధ్యాహ్నం లింగప్పను ఎవరూ కొట్టలేదు గానీ, అతను ఎందుకు బతికిపోయాడో అతనికే తెలియదు.

అడిగేవాళ్ళు లేక వంటశాలలో బియ్యానికి పురుగు పట్టింది. రాగిపిండి బాగానే ఉంది. ఓబులేసు ఎసరు పెట్టాడు, పంకజాక్షి పిండి పోసి తెడ్డు తిప్పింది. ఉప్పెక్కడ అని ఆయన అడిగాడు. కూతురి మీదుగా కాకుండా ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అదే. ఇద్దరూ కలిసి అంత సంగటి గెలికి, ముద్దలు చేసి, ముద్ద మధ్యలో గుంట చేసి పప్పు పోసి పిల్లల ముందు పెట్టారు. పిల్లలు పళ్ళేల ముందు బుద్ధిగా కూర్చున్నారు. ఎవరూ ముట్టుకోలేదు. ఆకలి రుచెరుగదంటారు. ఆకలే లేనివాడికి ముద్దయినా మట్టిగడ్డయినా ఒకటే. మేడమ్ తినమన్నదని ఒకరిద్దరు నోట్లో పెట్టుకున్నారు, మింగడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయారు. ఆ వరసల మధ్య పళ్ళెం పట్టుకుని నిలబడి, ఇది నా చేత్తో చేసిన పని అని పంకజాక్షి అనుకుంది. అది నిజం కూడా.

చిత్రావతి చివరి వరసలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పంకజాక్షి ఆమె ముందు చతికిలబడింది.

"ఇంత తెలిసినదానివి, ఇంట్లో అడిగింటే ఏమి తల్లీ? నన్ను ఇంకొక్కసారి అడిగింటే ఏమి?"

"అడిగినా మేడమ్. మీరు సార్‌నడగమంటిరి. సార్‌నడిగితే, ఆకు సంగతి నాకేం తెల్సు, మీ మేడమ్‌నడుగు అనె. ఇంటికాడ అడుగుదామంటే, బడి మాటలు ఇంట్లో తేవద్దని మీరే కదా చెప్పింది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పుస్తకాల్లో ఐదు పాళ్ళు అని యాడా లేదు. మీ ఆకు సంగతి మీకే తెల్సు. ఆ లెక్క మీరు రాసిస్తేనే తెలిసె. అందుకే స్టేజీ దాకా కాచుకున్నా."

వెనక తెడ్డు కింద పడిన చప్పుడైంది. ఓబులేసు విన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రమే పిల్లలందరి పొరలూ కొబ్బరినూనెతో నానబెట్టి ఒలిచారు. లేవలేని వాళ్ళను జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. ఎవరూ చావలేదు. చావలేదు అన్న మాటను పంకజాక్షి అందరి దగ్గరా పదే పదే చెప్పింది, ఎవరూ దాన్ని గొప్పగా తీసుకోలేదు. బయట కనిపిస్తే ఆడవాళ్ళు పిల్లలను కొంగు చాటుకు లాక్కునేవాళ్ళు. ఒకావిడ ఆమె గుమ్మం ముందు ఒక్క ఇడ్లీ పెట్టి పోయింది. లింగప్ప ఆ బడి మూసి ఇంకోచోట ఇంకో పేరుతో తెరిచాడని విన్నారు. అలాంటివాళ్ళకు ఎక్కడైనా ఎండ బాగానే కాస్తుంది.

చిన్నపిల్లలకు ముందు ఆకలి తిరిగి వచ్చింది. ఒక తల్లి, నా కొడుకు ఈ పొద్దు అన్నం కోసం ఏడ్చినాడని ఏడుస్తూ వచ్చి చెప్పింది. ఒకరి తర్వాత ఒకరికి కడుపు మేలుకుంది. అందరికంటే ముందు వేసుకున్నది, అందరికంటే ఎక్కువ కాలం మోసింది చిత్రావతి. ఆమె వీపు మీద పచ్చదనం పోయింది. ఆకలి మాత్రం రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పడానికి డాక్టర్ల దగ్గర పుస్తకం లేదు. ఆ పుస్తకం రాయాల్సిన వాళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకూ తెలియదు.

ఇప్పుడు ఆ ఇంట్లో బీరువా లేదు, మాటలు మానుకోవడం లేదు. మొగుడూ పెళ్ళాలు రోజంతా కలిసే కూర్చుని, ఒకే కాగితం మీద లెక్కలు వేసి, కూతురికి తిండి పెడతారు. వేళ కాగానే ఓబులేసు గరిటెతో పళ్ళెం మీద కొడతాడు. అది విని చిత్రావతి వచ్చి కూర్చుని, మాత్ర మింగినట్టు మింగుతుంది. తండ్రి పక్కనుండి తూస్తాడు, తల్లి నాడి చూస్తుంది. ఇంత ఐకమత్యంగా వాళ్ళు ఎన్నడూ పని చెయ్యలేదు.

పంకజాక్షి ప్రతి పూటా ఒకే మాట అడుగుతుంది. అడగకూడదనుకుంటూనే అడుగుతుంది. ఈ పొద్దు కూడా మొదటి ఇడ్లీ అయిపోయాక, కూతురి తల నిమిరి, ఇంట్లోనే ఉన్నాం కదా, అమ్మా అని పిలవమని మనసులోనే వేడుకుని, అడిగింది.

"ఏమన్నా ఆకలైతాందా తల్లీ?"

చిత్రావతి పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. కోపంగా కూడా అనలేదు.

"సార్‌నడగండి మేడమ్."

ఓబులేసు చేతిలో గరిటె ఆగిపోయింది. పంకజాక్షి ఇంకో ఇడ్లీ తీసి కూతురి పళ్ళెంలో పెట్టింది.